అవతలివాళ్ల వంతు

దర్జీ బాబాయి ఎవరినైనా ఒక ప్రశ్న అడిగాడంటే జవాబు వచ్చేదాకా కదలడు. ఎదురుగా మనిషి లేకపోయినా సరే, ఆగుతాడు.

ఈ గుణం దుకాణం దాకానే ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. కానీ గుండీ కుట్టుకోవడం, జిప్పు బాగుచేసుకోవడం లాంటివి లోకానికంతా నేర్పుతానని ఆయన వీడియోలు మొదలుపెట్టాడు. మెడలో టేపు వేసుకుని కుట్టుమిషను ముందు కూర్చుని, "సూదిలోకి దారం ఎక్కించారా?" అని అడుగుతాడు. ఇక అంతే. కళ్లద్దాల పైనుంచి ఫోన్‌ను చూస్తూ ఉండిపోతాడు. వెనక గోడ మీద క్యాలెండరు ఫ్యాను గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. ఓసారి ఒక ఈగ ఆయన ముక్కు మీద వాలి, కాసేపు విశ్రాంతి తీసుకుని, తన దారిన తాను వెళ్లిపోయింది. అప్పుడు బాబాయి తల ఊపి, "ఆఁ, ఎక్కిందిగా. ఇప్పుడు ముడి వేయండి" అన్నాడు.

"నా నెట్ పోయిందనుకుని ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను" అని ఎవరో ఆ వీడియో కింద రాశారు.

పిన్ని అయితే, "ఇంట్లో నేను పిలిస్తే పలకరు గానీ, ఫోను పలుకుతుందని మాత్రం ఎంతసేపైనా కూర్చుంటారు" అని దెప్పేది.

ఆ వీడియోలు తీసి, సర్ది, నెట్‌లో పెట్టే పని ఆయన అన్న కూతురిది. పగలు ఆఫీసు, సాయంత్రం బాబాయి దుకాణం. బాబాయంటే ఆమెకు ప్రాణం. అందుకే ఎవరో ఆ మౌనాలన్నీ ఏరి ఒకచోట అతికించి, 'బిగుసుకుపోయిన దర్జీ' అని పేరు పెట్టి ఊరంతా తిప్పుతుంటే ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో పక్కసీటు మనిషి అదే చూపించి పగలబడి నవ్వాడు. ఈయన మా బాబాయే అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

పైగా ఈ మధ్య బాబాయికి ఈ జబ్బు మరీ ముదిరింది. ఒకప్పుడు ఈగ వాలి లేచేంతసేపు ఆగేవాడు. ఇప్పుడు ఈగ కాపురం పెట్టేంతసేపు ఆగుతున్నాడు.

"కాస్త తగ్గించు బాబాయ్."

"పాపం, వాళ్లు చెప్పుకోవద్దా అమ్మడూ?"

"ఎవరు? వాళ్ల మాట మనకి వినపడదు కదా."

"వినపడకపోతే మాట్లాడనట్టేనా?"

ఇలా లాభం లేదని, కాజాలు కుట్టే వీడియోలో మౌనాలన్నీ ఆయనకు చెప్పకుండా తీసేసింది. వీడియో సగానికి సగం తగ్గింది. అందులో బాబాయి చకచకా అడిగేసి, చకచకా తానే జవాబు చెప్పేసుకుని, రైలు అందుకోవాల్సినవాడిలా ఉన్నాడు. జనం బాగా చూశారు. వెక్కిరింపు ఒక్కటీ లేదు. ఆమె మనసు కుదుటపడింది.

వారం తిరక్కుండా దానికి జవాబుగా ఒక వీడియో వచ్చింది. అందులో ఒకావిడ ఒళ్లో చొక్కా పెట్టుకుని కూర్చుంది. సూది పట్టుకున్న చెయ్యి కొద్దిగా వణుకుతోంది. "బాబాయి గారూ" అంది. తర్వాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఈసారి... మీరు... నన్ను... మాట్లాడనివ్వలేదు."

అది చూసి అన్న కూతురు ఫోన్ పట్టుకుని దుకాణానికి పరుగెత్తింది. బాబాయి చూసి కళ్లద్దాలు తీశాడు.

"నేను ఆగినవన్నీ తీసేశావా?"

"నిన్ను చూసి నవ్వుతున్నారు బాబాయ్."

"నవ్వనీ. ఈవిడ రైల్వే స్టేషన్లో మైకులో అనౌన్సుమెంట్లు చెప్పేదట. జబ్బు చేసి మాట పడిపోయింది. ఇప్పుడిప్పుడే కూడదీసుకుంటోంది. ఇంట్లో అందరూ మంచివాళ్లేనట, కానీ ఈవిడ ఒక మాట అనేలోపు వాళ్లే అందించేస్తారట. నాకు జవాబు చెబుతూ ఇంతకుముందోసారి వీడియో పెట్టింది. దారం ఎక్కిందని చెప్పడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందో చూసుకున్నాను. అప్పట్నుంచి అంతసేపూ ఆగుతున్నాను."

"మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

 ఆమె అక్కడే బల్ల మీద కూర్చుని మౌనాలన్నీ మళ్లీ యథాస్థానంలో పెట్టింది. నవ్వేవాళ్లు మళ్లీ నవ్వారు. పక్కసీటు మనిషికి మాత్రం ఈసారి, "మా బాబాయే. చివరిదాకా చూడండి" అని చెప్పింది.

కొన్నాళ్లకు ఆవిడ ఇంకో వీడియో పెట్టింది. కాజా కుట్టిన చొక్కా ఎత్తి చూపించి, "మీ మిషను... బాగుందా?" అని అడిగి, అచ్చం బాబాయిలాగే ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. బెల్టు వదులైన సంగతితో మొదలుపెట్టి, పెడలు కిర్రుమనడం, దానికి తాను నూనె పోయడం, నూనె కాస్తా పిన్ని చీర మీద పడటం దాకా వచ్చేసరికి వీడియో అయిపోయింది.

ఆయన చిన్నబుచ్చుకుని అన్న కూతురి వైపు చూశాడు.

"ఈవిడకి బొత్తిగా ఓపిక లేదమ్మా" అన్నాడు.