బాలు ఎటు పోయింది బిడ్డా?

మా బాపు జిందగీల ఎన్నడు ఉరకలేదు. మర్రిగూడ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. మీసాలు రాకముందే మోకాళ్లు బిగుసుకపోయినయి, నడుము వంగింది. గందుకేనేమో, ఉరికెటోళ్లను చూసుడంటే ఆయనకు పానం. బడి గ్రౌండుల పోరగాళ్లు క్రికెట్ ఆడుతుంటే గోడకు ఆనుకొని పొద్దూకేదాక చూసేటోడని అమ్మ చెప్తది.

తెలంగాణ వచ్చిన కొత్తల నార్కట్‌పల్లిల హైవే పక్కన మందుల షాపుల నాకు పని దొరికింది. అమ్మ మేకలను అమ్మేసింది. ముగ్గురం రెండర్రల కిరాయి ఇంట్లకు వచ్చినం. బాపు నన్ను అడిగింది ఒక్కటే. "కేబుల్ పెట్టియ్యి బిడ్డా. ఆటల చానెల్ రావాలె."

కొన్నేండ్లకు ఆ చానెల్ల తెలుగుల చెప్పుడు షురువైంది. బాపుకు ఎంత సంబురమో! వంటింట్ల ఉన్న అమ్మను పిలిచి మరీ వినిపిచ్చిండు. "మన మాటల్ల చెప్తున్నరే, ఇను." ఆ మొదటి దినాలల్ల చెప్పెటోళ్లు ఆటనే చెప్పేటోళ్లు. బౌలర్ ఎటు దిక్కుకెళ్లి వస్తున్నడు, బాలు యాడ పడ్డది, ఎవలు ఆపిండ్రు. నడుమ నడుమ ఊకుండేటోళ్లు గూడ. ఊకున్నప్పుడు బ్యాటు చప్పుడు, జనం గోల ఇనొచ్చేది.

తర్వాత బాపుకు షుగరు కండ్లకు ఎక్కింది. నల్లగొండ దవాఖానల చూపిచ్చినం. హైదరాబాద్ తీస్కపోయినం. ఒక కన్ను మొత్తమే పోయింది. రెండోదాంట్ల వెలుతురు, నీడ తప్ప ఏం మిగల్లేదు. ఇంటికొచ్చిన దినం బాపును కుర్చీల కూసోబెట్టినం. బాపే అన్నడు. "చెవులున్నయి గదా. మ్యాచ్ పెట్టు."

అట్ల కొన్నాళ్లు బాగనే నడిచింది. కుర్చీల కూసొని, తలకాయ టీవీ దిక్కు వంచి, చెవితోని చూసేటోడు.

గని ఆట చెప్పుడే మారుకుంట వచ్చింది. ఒకరి జాగల నలుగురైండ్రు. ఒకరు జోకేస్తే ముగ్గురు నవ్వాలె. కొత్త సినిమా వస్తుందంటే ఆ సినిమోళ్లు వచ్చి నడుమ కూసునేటోళ్లు. వికెట్ పడితే, అదెట్ల పడ్డదో చెప్పకముందే ఫోన్ల పైసలు పెట్టి ఆడే ఆటల అడ్వర్టయిజ్‌మెంటు వచ్చి మీద పడేది. నాకు చిరాకు లేసేది. బాపుకు మాత్రం అక్కడికి ఆట మాయమైపోయేది. నేను అడ్వర్టయిజ్‌మెంట్లను తిట్టుకునేదాన్ని, ఆయన ఆట ఎటు పోయిందని ఎతుక్కునేటోడు.

ఒక ఆదివారం పొద్దుగూకంగ మ్యాచ్ ఆఖరి ఓవర్‌కు వచ్చింది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్న. టీవీల ఎవరో హీరో వచ్చి కూసున్నడు. షూటింగుల ఎట్ల కింద పడ్డడో చెప్తుంటే అందరు నవ్వుతున్నరు. ఎనక జనం ఒక్కసారి ఒర్రిండ్రు.

"బాలు ఎటు పోయింది బిడ్డా?"

నేను తలెత్తి చూసిన. తెర మీద హీరో మొకమే ఉన్నది. "తెల్వది బాపు. గాయననే చూపెడుతున్నరు."

మళ్ల గోల. నలుగురు కలిసి కేకలు. ఆ ఎంటనే అడ్వర్టయిజ్‌మెంటు.

"గెలిచింది మనోళ్లేనా?"

నేను జవాబు చెప్పేలోపల్నే "బంద్ చెయ్" అన్నడు. కోపంగ అంటే బాగుండు. మెల్లగ అన్నడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారి చానెలోళ్ల నంబరుకు ఫోన్ కలపమన్నడు. చానాసేపు పాటలు వినిపిచ్చినంక ఒక ఆడపిల్ల ఎత్తింది. నేను సంగతి చెప్తుంటే బాపు ఫోన్ తీస్కున్నడు.

"బిడ్డా, నాకు కండ్లు కనపడయి. నవ్వుకుంటే నవ్వుకొమ్మను, నేనొద్దంటలేను. బాలు ఎటు పోయిందో జర చెప్పుమను. గంతే."

ఆ పిల్ల బాపు పేరు, నంబరు అడిగింది. తర్వాత "రాసుకున్న తాతా, పైనోళ్లకు చెప్తా" అన్నది. మంచిగనే అన్నది. ఏం మారలేదు.

గప్పుడు నేనే టీవీ సౌండు మొత్తం తీసేసి చెప్పుడు మొదలుపెట్టిన. నాకు ఆట అంతంత మాత్రమే తెలుసు. "ఫోర్ పోయింది బాపు" అంటే ఆయనకు సాలేది కాదు. "గెలుపు సంగతి తర్వాత బిడ్డా. బాలు ఎంబడి పడ్డ పిలగాడు ఎట్ల ఉరికిండో అది చెప్పు" అనేటోడు. నాకు మాటలు దొరికేటియి కాదు. మాటలు ఎతికేలోపు ఇంకో బాలు పడేది.

ఒకనాడు షాపుల పని ఎక్కువుండి ఆలస్యంగ ఇంటికొచ్చిన. వాకిట్ల చెప్పులు ఇడుస్తుంటే లోపల అమ్మ గొంతు. అమ్మ ఎన్నడు మ్యాచ్ చూసిన మనిషి కాదు.

"ఎర్ర అంగీ ఆయన ఉరికొస్తున్నడు... ఏసిండు. నీలం అంగీ ఆయన కొట్టిండు. పైకి లేసింది, ఇంకా లేసింది... కింద ఒకాయన ఆకాశం దిక్కు చూసుకుంటనే ఎనకకు నడుస్తున్నడు. కాళ్లు తడబడుతున్నయి... పట్టిండు! పట్టి బొర్ల పడ్డడు."

"లేసిండా?"

"లేసిండు. మోకాలు తుడుసుకుంటాండు. అంగీకి మొత్తం గడ్డి అంటింది."

"అయితే అవుటాయెనే!"

"ఏమో, నాకేం ఎరుక. గా నీలం అంగీ ఆయన తలకాయ దించుకొని పోతాండు."

బాపు నవ్విండు. దవాఖాన నుంచి వచ్చినంక ఆయన నవ్వు వినుడు నాకు అదే మొదలు. నేను లోపలికి పోక వాకిట్లనే నిలబడ్డ.

ఆ దినం నుంచి మ్యాచ్ చెప్పుడు అమ్మ పనే అయింది. ఓవర్ అంటే ఏందో, రనౌట్ అంటే ఏందో ఆమె నేర్సుకోలేదు, ఆయన గూడ నేర్పలేదు. అలిసిపోయినోళ్లు నీళ్లు తాగుడు, ఓడిపోయినోళ్లు గ్రౌండుల కూలబడుడు, అన్ని చెప్పేది. రెండు ఎండకాలాలు అట్లనే పోయినయి.

పోయినేడు చలికాలంల బాపు పోయిండు. నెల తిరిగినంక ఆటల చానెల్ తీసెయ్యమని కేబులాయనకు చెప్పిన.

ఇప్పుడు ఆమె భజన పాటలు పెట్టుకుంటది. మ్యాచ్ ఉన్న దినం పక్కింట్ల ఒక్కసారి అరుపులు లేస్తయి. గప్పుడు పాటల సౌండు తగ్గించి నా దిక్కు చూస్తది. అక్కడ ఏం జరిగిందో నాకు గూడ తెల్వదు.