బాబాయి ఆర్పలేని కొలిమి

మా ఆఫీసు రుషికొండలో ఉంది. కిటికీ తెరిస్తే సముద్రం, మూస్తే ఏసీ. మొన్న ఒక మధ్యాహ్నం ఏదో పాత ఫైలు కావలసి వచ్చి, మూలగదిలో పడేసిన కంప్యూటర్లలో ఒకదాన్ని ఆన్ చేశాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఫ్యాను గరగరమంటూ తిరిగింది. కాసేపటికి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. అది ముక్కుకి తగలగానే వచ్చిన పని మరచిపోయి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. గాజువాకలో మా ఇంటి ముందుగది, నా పాత కంప్యూటరు, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అప్పలనాయుడు బాబాయి, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. బాబాయి అంటున్నానని చుట్టం అనుకునేరు. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, నా పేరు కెజియ. ఆయన సింహాచలం కొండెక్కే మనిషి. మా ఎదురింటాయన, అంతే. ఉక్కు కర్మాగారంలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఉద్యోగమంతా షిఫ్టుల్లోనే గడిపి రిటైరయ్యారు. ఈరోజు నేను కంప్యూటర్ ఆటలు తయారుచేసి బతుకుతున్నానంటే సగం ఆయన చలవ. మిగతా సగం ఆయనతో పడ్డ తగాదాల చలవ.

మొదటి తగాదా ఆయన మధ్యాహ్నపు నిద్ర గురించి. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు. నాన్న పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా. ఆయన అటు పనికి వెళ్ళగానే నేను ఇటు కంప్యూటర్ ఆటలో అంతరిక్షంలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ ఆటలో మొదట మనకి ఒక్క గ్రహం ఇస్తారు. దాని మీద కరెంటు, లోహం, తిండి సంపాదించుకుని, ఓడలు కట్టుకుని, నక్షత్రాల మధ్య దారులు పట్టుకుని సామ్రాజ్యం పెంచుకోవాలి. కొత్తగా పట్టుకున్న గ్రహం కొన్నాళ్ళపాటు ఇచ్చేదానికంటే తినేది ఎక్కువ. నాకు అంత ఓపిక ఎక్కడిది? కనిపించిన గ్రహం మీదల్లా జెండా పాతేదాన్ని. పటమంతా నా రంగే. ఆ తర్వాత ఆకలితో ఒక్కొక్కటీ తిరగబడేవి. ఒకరోజు అలా తిరగబడ్డవాళ్ళ మీద నేను బాంబులు వేస్తుంటే, తలుపు దబదబా బాదారు.

"ఏటే కెజియమ్మా, మద్దేన్నం పూట ఈ మోతేటి? మనిసన్నవాడు పడుకోవద్దేటి?" అంటూ లోపలికి వచ్చిన ఆయన, తెర చూసి అక్కడే ఆగిపోయారు. "ఇయన్నీ నీయేనా?"

"నావే బాబాయ్."

"మరి ఎర్రగా మెరుత్తన్నాయేటి?"

"తిండి చాలట్లేదు."

"తాను దూర సందు నేదు, మెడకో డోలంట. కొత్త గ్రహమంటే కొత్త నోరే. పాత నోళ్ళకెట్టి అప్పుడెల్లు."

నాకు ఒళ్ళు మండింది. మౌసు పట్టుకోవడం రాని మనిషి నాకు చెబుతాడా అనుకున్నాను. కానీ ఆ సామ్రాజ్యం సాయంత్రానికల్లా కూలింది. మర్నాడు, ఎవరూ చూడకుండా, ఆయన చెప్పినట్టు రెండు గ్రహాలతో ఆగి, వాటి కడుపు నిండాక మూడోదానికి వెళ్ళాను. ఆ ఆట నిలబడింది. ఎలా తెలిసిందో గానీ బాబాయి ఆ రోజే తన కుర్చీ తనే మోసుకుంటూ వచ్చి నా పక్కన వేసుకున్నారు. మధ్యాహ్నపు నిద్ర ఊసు ఆయన ఇంక ఎత్తలేదు.

ఆ ఆటలో ఒక సామ్రాజ్యాన్ని ఇద్దరు కలిసి నడపవచ్చు. ఓడలు, యుద్ధాలు నావి. లోహం, కరెంటు, తిండి ఆయనవి. యుద్ధమంటే నాకు ముందుకు పరిగెత్తడమే. ఆయన మాత్రం, "ఓడ ఎంత దూరమెల్తాదో కాదే, ఎనక్కెలా వత్తాదో సూడు. సమురు ఎక్కడ పోత్తావు దానికి?" అని ప్రతిసారీ అడ్డుపడేవారు. ఇంధనం అందే దూరం దాటి వెళ్ళిన నౌకాదళం అక్కడే ఆగిపోయి శత్రువు చేతికి చిక్కుతుందని నేను మూడు దళాలు పోగొట్టుకుంటే గానీ నేర్చుకోలేదు. తిట్టేవారా అంటే తిట్టేవారు. నేనూ తక్కువ తినలేదు. గొంతులు వీధి చివరికి వినిపించేవట. వాళ్ళింట్లో పిన్ని ఉల్లిపాయ పకోడీలు పంపిస్తూ, "కొట్టుకోకండర్రా" అని కబురు కూడా పంపేది.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫర్నేసు దగ్గర షిఫ్టు మారేటప్పుడు, దిగేవాడు ఎక్కేవాడికి, అంటే రిలీవరుకి, మూడు మాటలు పైకి చెప్పి ఛార్జ్ ఇవ్వాలట: ఏది నడుస్తోంది, ఏది నొప్పిగా ఉంది, దేనికి భయపడాలి. ఎక్కేవాడు "తీసుకున్నాను" అనేదాకా దిగేవాడు కుర్చీ వదలకూడదు. తీసుకున్నాక మాత్రం వెనక నిలబడి సలహాలివ్వకూడదు, ఎంత పెద్దవాడైనా సరే. మా ఆటకీ అదే పెట్టారు. నేను అన్నం తినడానికి లేచినా ఆ మూడూ అప్పగించి లేవాల్సిందే. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్ళకి, పైకి చెబుతుంటేనే నా తప్పులు నాకు తెలిసిరావడం మొదలైంది. "నొప్పేటి?" అని ఆయన అడగగానే, అప్పటిదాకా కనబడని కన్నం కనబడేది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో వేగలేకపోయేదాన్ని. ఆటలో లోహం కరిగించే కొలుములుంటాయి. కరెంటు బోలెడు మింగుతాయి. కరువొచ్చినప్పుడు వాటిని ఆపుకోవచ్చు గానీ, ఆపితే చల్లారిపోతాయి. మళ్ళీ వెలిగించడానికి చాలా టర్నులు, అంటే ఆటలో వంతులు, పడతాయి, లోహం కూడా ఖర్చవుతుంది. అయినా తప్పనప్పుడు ఆపాలి కదా? బాబాయి ఆపేవారు కాదు. దీపాలు తీసేసేవారు, పరిశోధన మాన్పించేవారు, చివరికి తిండి కూడా తగ్గించేవారు గానీ కొలిమి జోలికి వెళ్ళనిచ్చేవారు కాదు. "ఫర్నేసు ఆపకూడదే. నోపల గడ్డకట్టేత్తాది. మరి లెగదు. మా పెద్దమ్మాయి పుట్టిన్నాడు కూడా నాను ఒగ్గేసి రానేదు, తెలుసా?" అనేవారు. ఇది ఆట అని నేనంటే ఆయనకి కోపం వచ్చేది. ఆ మాట ఆయన్ని అవమానించినట్టుగా తగిలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంతలో రుషికొండలో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి ఇద్దరిద్దరి జట్లకి పోటీ పెట్టింది. గెలిచిన జట్టులో ఒకరికి ఉద్యోగం. మేమిద్దరం ఒక్కో మెట్టూ ఎక్కి ఫైనల్‌కి చేరాం. అది ఆదివారం పడింది. నాన్నకి చెప్పడానికే భయపడ్డాను.

"ఆరాధన మానేసి ఆటాడతావేటే?" అన్నారు నాన్న. చివరికి, "ఎల్లు. ఓడిపోయావంటే మాత్రం సోమారం నుంచి తగరపువలసలో మీ పెదనాన్న బట్టల కొట్టులో కూకోవాలి. ఇంక కంప్యూటరు మాటెత్తకూడదు. సరేనా?" అన్నారు. సరేనన్నాను. పెదనాన్న మంచివాడే. కానీ ఆ కొట్టులో చీరలు మడతపెడుతూ ముసలిదాన్ని అవుతున్నట్టు ఆ రాత్రంతా కల.

ఫైనల్‌లో మా ఎదుట ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు. నవ్వుతూ చెయ్యి కలిపారు. వాళ్ళు మా రాజధాని మీదకి వస్తారని నేను దళమంతా అటు మోహరించాను. వాళ్ళు రాలేదు. మా కరెంటులో సగానికి పైగా ఒక పెద్ద నక్షత్రం నుంచి వచ్చేది. దానికీ మాకూ మధ్య ఒక్కటే దారి, మన హార్బరులోకి ఓడలొచ్చే ఇరుకు కాలువ లాగా. ఆ ఇరుకులో నేను ఉంచినవి నాలుగే ఓడలు. వాళ్ళు తిన్నగా వెళ్ళి ఆ దారిని తెంపేశారు. తెర మీద కరెంటు గీత ఒక్కసారి కూలిపోయింది. హాల్లో గుసగుసలు. అప్పుడు తిరిగింది వాళ్ళ దళం మా రాజధాని వైపు.

కరెంటు చాలకపోతే ఆ ఆట ఉన్నదాన్నే అన్నిటికీ కొంచెం కొంచెం పంచుతుంది. అంటే రాజధాని చుట్టూ ఉన్న రక్షణ కవచం కూడా పలచబడిపోతుంది. నాకు ఒక దారి కనబడింది. కొలుములు నాలుగూ ఆపేస్తే ఆ కరెంటంతా కవచానికి వెళుతుంది. కవచం నిలబడితే, అంత దూరం వచ్చిన వాళ్ళ ఓడలకి ఇంధనం అయిపోతుంది. ఆలోపు నా దళం చుట్టు తిరిగి వెళ్ళి దారిని మళ్ళీ పట్టుకోగలదు. కొత్త ఓడలు మాత్రం ఇక రావు. ఉన్నవాటితోనే తేల్చుకోవాలి.

"బాబాయ్, కొలుములు ఆపెయ్," అన్నాను.

"ఆగు. తిండి తగ్గిత్తాను."

టర్ను అయిపోయింది. మొదటి దెబ్బకే కవచంలో పెద్ద ముక్క ఊడిపోయింది.

"బాబాయ్, ఆపెయ్. ఇంక టైం లేదు."

"సూత్తన్నాను కదే! దీపాలు తీసేత్తన్నాను, ఆసుపత్రుల్ది కూడా..."

"అవి చాలవు! కొలుములు!"

ఆయన మౌసుని కొలుముల దాకా తీసుకెళ్ళారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేలు కిందికి దిగడం లేదు. తెర మూల గడియారం దిగిపోతోంది. ఆయన నుదుటి మీద చెమట చూశాను. నాకు కోపం రాలేదు, భయం వేసింది.

"ఇది ఆట బాబాయ్," అన్నాను మెల్లగా.

"నాకు తెలుసే," అన్నారు. "సేతికి తెలీడం నేదు."

ఆ టర్ను కూడా పోయింది. కవచం ఇంకొక్క దెబ్బకి కూలుతుంది. ఆయన చేతిలోంచి మౌసు లాక్కోవచ్చు. అంతమంది ముందు ఆ పని చెయ్యలేకపోయాను. లాక్కుంటే ఆట దక్కుతుందేమో, ఆయన మాత్రం మళ్ళీ ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోరు. నేను లేచి ఆయన పక్కన నిలబడ్డాను. ఎప్పుడూ నువ్వు అనేదాన్ని, ఆ పూట మీరు అన్నాను.

"నాయుడుగారూ, రిలీవర్ని వచ్చాను. ఛార్జ్ ఇవ్వండి."

ఆయన తలెత్తి నన్ను చూశారు. ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచి, చొక్కా సర్దుకుని, నిటారుగా నిలబడ్డారు.

"ఫర్నేసులు నాలుగూ నడుత్తన్నాయి. కరెంటు సగానికి తక్కువ. నొప్పి, కవచం. బయపడాల్సింది... నా సేతికి. అది ఆపనేకపోతంది."

"తీసుకున్నాను," అన్నాను.

ఆయన పక్కకి తప్పుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నేను కూర్చుని ఒకటి తర్వాత ఒకటి నాలుగూ ఆపేశాను. ఆటలో అంతసేపూ వినబడుతున్న కొలుముల హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి గోడ దగ్గర ఆయన భుజాలు ఒక్కసారి ఎగిసిపడటం నాకు కనబడింది. కవచం మందమైంది. వాళ్ళు కొట్టారు, మళ్ళీ కొట్టారు. నిలబడింది. వాళ్ళ ఓడలు ఒక్కొక్కటీ ఇంధనం లేక నల్లబడి ఆగిపోతుంటే, నా దళం వెనకనుంచి వెళ్ళి దారిని పట్టుకుంది. ఆ తర్వాత ఇంకెంతోసేపు పట్టలేదు. ఎదుట కుర్రాళ్ళు హెడ్‌ఫోన్లు తీసేసి బల్ల మీద పెట్టారు.

హాలంతా చప్పట్లు. వెనక వరసలో నాన్న, చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కాతోనే, ఎప్పుడొచ్చారో గానీ నిలబడి ఉన్నారు. నేను ఏడుస్తూ బాబాయి దగ్గరికి పరిగెత్తాను. "గెలిచాం బాబాయ్!"

ఆయన నా తల మీద చెయ్యి వేశారు. కళ్ళు మాత్రం నా వెనక ఉన్న తెర మీదే ఉన్నాయి.

"ఎలిగించావేటే?" అన్నారు.

"ఏంటి?"

"ఫర్నేసులు. మళ్ళీ ఎలిగించావా?"

"ఆట అయిపోయింది బాబాయ్. గెలిచేశాం."

"అయిపోతే? గెలిసినోళ్ళు కదా, రేపు ఆల్లు తినొద్దేటి? దీపాలు తీసేసేను, ఆసుపత్రి కరెంటు తీసేసేను. అలా ఒగ్గేసి లెగిసొచ్చేత్తావేటి?"

తిరిగి చూశాను. తెర మీద గెలుపు బోర్డు తప్ప ఏమీ లేదు. వెలిగించాలన్నా నొక్కడానికి చోటు లేదు. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి నన్ను వేదిక మీదకి పిలుచుకెళ్ళాడు. ఫోటోలు తీశారు. అన్నింట్లోనూ నేను నవ్వుతున్నాను. బాబాయి ఒక్క దాంట్లోనూ నవ్వలేదు. బస్సులో వస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూశారు. నా మీద కోపం కాదని తెలుసు. ఛార్జ్ తీసుకున్నాక వెనకనుంచి ఏమీ అనకూడదు కాబట్టి, ఇంకేమీ అనలేదు.

ఆ కంపెనీలోనే చేరాను. చాలా ఏళ్ళకి నా చేతికి సొంతంగా ఒక ఆట ఇచ్చారు, అంతరిక్ష సామ్రాజ్యాల ఆటే. అందులో ఒక నియమం పెట్టాను. గెలిచినట్టు చెప్పాక ఆట వెంటనే ముగియదు. ఇంకొక్క టర్ను ఇస్తుంది. పాయింట్లు ఉండవు, శత్రువులు ఉండరు. యుద్ధం కోసం ఏమేం ఆపేశామో అన్నీ తెర మీద కనబడతాయి, మళ్ళీ వెలిగించుకోవచ్చు, అంతే.

"మేడం, గెలిచాక ఇంకెవరాడతారు?" అని మా జట్టు వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. నిజమే, చాలామంది ఆడరు. గెలుపు చూసుకుని మూసేసి వెళ్ళిపోతారు. ఆ ఆట బయటికి రాకముందే బాబాయి పోయారు. ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని ఆ టర్ను ఆడి ఉంటే బాగుండేదని తలుచుకున్నప్పుడల్లా ఏడుపొస్తుంది. ఆ ఆటని పరీక్షించే ప్రతిసారీ ముందు ఆసుపత్రులకి కరెంటు ఇస్తాను, తర్వాత దీపాలు. ఆఖరికి కొలుములు నాలుగూ వెలిగించి, ఆ హోరు వినబడ్డాకే కుర్చీలోంచి లేస్తాను.