మూసిన కండ్లల్ల మెరుపులు

నా చిన్నప్పుడు, చార్మినార్ వెనక మా గల్లీల ఎండ కూడ రంగులతోటే వచ్చేది. పక్కింటి అక్క కిటికీ కాడ కూసొని లక్క గాజులకు చిన్న చిన్న అద్దపు రాళ్లు పొదుగుతుండె. ఆ రాళ్ల మీద పడ్డ వెలుగు గోడల మీద, అక్క చీర మీద, నా అరచేతుల మీద ఎర్రగ పచ్చగ ఆడేది. పట్టుకోబోతే జారిపోయేది.

అక్కకు అప్పుడు ఎనిమిదో నెల. ఒకనాడు గాజు మీద రాయి పెట్టబోతే అది తప్పి పక్కన పడ్డది. రెండోసారి గూడ గట్లనే. కండ్ల ముంగట మెరుపులు ఆడుతున్నయని, అంతా మసకగ ఉందని నవ్వుకుంటనే చెప్పింది. నెత్తి గూడ నొస్తుందన్నది.

"పొద్దంత రాళ్లనే చూస్తే మెరుపులు గాక చందమామ కనవడ్తదా?" అన్నది వాళ్ల అత్తమ్మ. ఆ పని చేసేటోళ్లందరు గట్లనే అనుకునేటోళ్లు. నాకైతే అక్క కండ్లల్ల గూడ ఎవరో రాళ్లు పొదిగినట్టు తోచి మస్తు మురిసిన.

మా నాయనమ్మ ఎన్నో కాన్పులు చూసిన మనిషి. ఈ ముచ్చట విని వచ్చింది. గాజుల మీద దుప్పటి కప్పింది, కిటికీ మూసింది, అక్క కండ్ల మీద తన చెయ్యి పెట్టింది. ఇల్లంత నీళ్ల అడుగున ఉన్నట్టయింది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా, పోయినయా?"

"లేదవ్వా. ఇంక ఆడుతనే ఉన్నయ్."

"రాళ్లను కప్పిపెడ్తిమి గదా. మరి ఇవి ఏడికెల్లి వచ్చినయ్?"

అడిగింది అక్కనే గని, చూసింది అత్తమ్మ దిక్కు. అత్తమ్మ చెప్పులేసుకొని రిక్షాను పిలిచింది.

కాన్పుల దవాఖానల డాక్టరమ్మ బీపీ చూసి, కండ్లల్లకు లైటు వేసి చూసింది. బీపీ బాగ పెరిగి కంటి లోపలి సన్న నరాల దాకా పోయిందని, ఆగితే తల్లికీ బిడ్డకూ గండమేనని చెప్పి అక్కను ఆడనే ఉంచుకున్నది. బిడ్డ నెల ముందుగాల పుట్టింది, పిల్లి కూనంత. కొన్ని వారాలకు అక్క కండ్ల మసక మెల్లగ విడిచింది. బిడ్డ రెప్పల వెంట్రుకలు గూడ ఒక్కొక్కటి కనవడ్తున్నయని అక్క అందరికీ చెప్పుకున్నది.

ఇప్పుడు కడుపుతోటున్న పిల్ల ఎవరన్న కండ్లు మసకైతున్నయంటే, ఫోను చూసుడు తక్కువ చెయ్యమంటరు ఇంట్లోళ్లు. నేను నాయనమ్మ లెక్క కండ్లు మూసి పరీక్ష గిట్ల పెట్టుకుంట కూసోను. ఆనాడు అక్క మెరుపులని చెప్తుంటే, గండమని తెల్వక ఎంత అందంగుందో అనుకున్నదాన్ని నేను. అందుకే, ఆ పిల్ల బీపీ చూపిచ్చుకొని వచ్చేదాక ఆ ఇంట్ల చాయ్ గూడ ముట్టను.