లాటిన్ సుత చెప్పు బిడ్డా

మా చిన్నప్పుడు... మల్కాజ్‌గిరిలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు పోస్టరు అంటించేవాళ్ళు. మా నాయినకు మోండా మార్కెట్‌లో కూరగాయల దుకాణం. అక్కడికొచ్చే ఒకాయన "ఇంగ్లీషొస్తేనే సాఫ్ట్‌వేర్ నౌకరీ" అన్నాడట... ఇంకేముంది, తెలుగు మీడియంలో ఏడో తరగతి చదివే నా ప్రాణం మీదికొచ్చింది.

నాయిన ఫుట్‌పాత్ మీద ఓ పాత పుస్తకం కొనుక్కొచ్చాడు. ఇంగ్లీషు మాటల ముందు చేరే ముక్కలు, వాటి లాటిన్ పుట్టుక... అన్నీ అందులోనే. నాయినకు ఇంగ్లీషు రాదు. ఒక్క ముక్క పట్టుకుంటే వంద మాటలొస్తాయని మాత్రం గట్టి నమ్మకం.

సెలవుల్లో టమాటా బుట్టల పక్కన నిలబెట్టి అప్పజెప్పించుకునేవాడు. "రి... లాటిన్ నుంచి వచ్చింది. వెనక్కి అని ఒక అర్థం, మళ్ళీ అని ఇంకో అర్థం. రిపోర్ట్... పోర్టారే అంటే మోయడం, వెనక్కి మోసుకురావడం. రిజెక్ట్... వెనక్కి విసిరెయ్యడం." బేరమాడేవాళ్ళు కూడా ఆగి వినేవారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. తొందరలో లాటిన్ ముక్క మింగేస్తే, అది కూడా చెప్పేదాకా ఊరుకునేవాడు కాదు.

"లాటిన్ సుత చెప్పు బిడ్డా... అది చెప్తెనే వజన్ ఉంటది."

ఇంగ్లీషు మీడియం బడిలో సీటు కోసం ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాడు. ఆయన్ను బయటే కూర్చోబెట్టారు. లోపల మేడం ఇంగ్లీషులో అడిగింది ఒక్కటే... మీ నాన్న ఏం చేస్తారు?

ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. ఒక్క వాక్యం కూడబలుక్కోలేక గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డాను. అన్ని నెలల్లో ఎవరైనా నాతో ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడితే కదా! ఆ పుస్తకం మీద ఎంత మంటొచ్చిందో...

బయటకు రాగానే నాయిన ఎదురొచ్చాడు.

"రి అడిగిన్రా?"

"అడిగిన్రు నాయినా. అన్ని చెప్పిన."

"లాటిన్?"

"అది సుత."

సీటు రాలేదు. "అన్ని చెప్పినా ఇయ్యలేదంటే... కూరగాయలమ్మేటోని బిడ్డవని ఇయ్యలే" అన్నాడు నాయిన. ఆ తర్వాత నా చదువు పని ఏదున్నా అమ్మనే పంపేవాడు, తను గేటు దాకా కూడా వచ్చేవాడు కాదు.

ఇప్పుడు నర్సరీ పిల్లలు కూడా ఇంగ్లీషు దంచేస్తున్నారు... మాట పుట్టుక కావాలంటే ఫోన్‌లో దొరుకుతుంది. మీ ఇళ్ళల్లో కూడా ఇలా అక్కరకు రాని బట్టీ చదువులుంటే రాయండి, కలిసి తిట్టుకుందాం.

నేనిప్పుడు ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడతాను. నాయినా, వాళ్ళు నీ గురించే అడిగారు, నేనే చెప్పలేకపోయాను... ఈ ఒక్క మాట ఆయనతో తెలుగులో చెప్పడానికి ఇన్నేళ్ళయినా నోరు రావట్లేదు.