అవ్వ బజ్జీల మీద పెట్టిన ఆంక్షలు

ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన ఏడాది, ధర్మవరంలో మా వీధి చివరి బండి మీద మిరపకాయ బజ్జీ బక్కచిక్కింది. సాయంత్రమైతే రెండు బజ్జీలు పడందే మా అవ్వకు పొద్దుపోదు.

"ఏమప్పా, ఇది బజ్జీనా, బలపమా?" అని బండి ఆయన్ని నిలదీసింది.

"యుద్ధం అవ్వా. పొద్దుతిరుగుడు నూనె ఆడ నుంచే రావల్ల. రేటు పెరిగి పిరమైపోయిండాది."

"చెనిక్కాయలు పండే సీమలో ఉండి ఎవరి నూనెకో ఎదురు చూస్తాండావా?"

"చెనిక్కాయ నూనె ఇంకా పిరం. దాంట్లో కాలిస్తే ఈ మాత్రం బజ్జీ కూడా రాదవ్వా" అన్నాడాయన.

అవ్వ ఇంటికొచ్చి, సీరియల్ మానుకుని మొదటిసారి వార్తలు పెట్టించింది. తెర మీద పోతున్న ట్యాంకులకు సినిమా ఫైటు సంగీతం తగిలించారు. యాంకరు గొంతు చించుకుంటున్నాడు. కాసేపు చూసి, "ఈయప్పనే ఆడికి పంపిస్తే రెండు పక్కలోళ్ళూ పారిపోతారు" అని తేల్చేసింది. యుద్ధం ఆగేదాకా ఇంట్లో ఎవరూ బజ్జీ ముట్టకూడదని కూడా ఆజ్ఞ జారీ చేసింది.

మా నాయన పట్టుచీరలు నేస్తాడు. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం మగ్గం దిగి, పెరట్లో గోడవైపు తిరిగి బజ్జీ తింటూ అవ్వకు దొరికిపోయాడు.

"ఏమిరా, యుద్ధం అయిపోయిందా?"

"చర్చలు జరుగుతాండాయమ్మా" అంటూ నాయన పొట్లం ముందుకు చాపాడు.

అవ్వ కాసేపు ఆలోచించి ఒకటి తీసుకుంది. నేను నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాను. ఆమె మాత్రం తీరిగ్గా నమిలి, "ఉప్పు కూడా తగ్గించినాడు. అది ఏ దేశం నుంచి వస్తాదో రేపు అడగల్ల" అంది.