మ్యూరియల్ రెండో గొంతు

మ్యూరియల్ ప్రాగ్నెల్‌కు రెండు గొంతులుండేవి. ఒకటి సౌతాంప్టన్ రేవు వెనక మా నార్తమ్ వీధిలో పుట్టి పెరిగింది. చేపలవాడితో బేరమాడటానికి, పక్కింటి పిల్లిని తిట్టడానికి అది పనికొచ్చేది. రెండోది ఓడలో, ప్రయాణికుల పరిచారిక పనిలో పుట్టింది. మెత్తగా, ప్రతి మాటకీ 'మేడమ్' తగిలించుకుని వచ్చేది. ఓడ మెట్లెక్కితే మొదటిది లోపలికి పోయేది, రెండోది బయటికొచ్చేది. మా వీధిలో సగం ఇళ్లు ఓడల మీదే బతికేవి కనుక అందులో మాకు వింతేమీ లేదు. వాళ్లక్క ఐవీ మాత్రం ఏనాడూ ఓడెక్కింది కాదు, ఆ రెండో గొంతు విన్నదీ కాదు.

అక్కాచెల్లెళ్లిద్దరికీ మాటల్లేవు. ఒక చలికాలం తల్లి ఊపిరాడక మంచం పట్టింది. "ఈ ఒక్కసారికి ఉండిపోవే" అని ఐవీ బతిమాలింది. ఇదిగో వెళ్లి అదిగో వస్తానంటూ మ్యూరియల్ ఓడెక్కింది. తిరిగొచ్చేసరికి తల్లి మట్టిలో ఉంది. గుమ్మంలోనే నిలబెట్టి ఐవీ కడిగేసింది.

"ఊళ్లోవాళ్లందరి వాంతులూ ఎత్తుతావు. అమ్మకి ఒక్క పూట ఎత్తలేకపోయావు."

తప్పయిందని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఆ ఇంటివాళ్ల రక్తంలోనే ఉంది ఆ మొండితనం, ఏం చేస్తాం. ఏళ్లు గడిచాయి. నలభై దాటాక ఐవీకి సంబంధం కుదిరింది. కెనడాలో ఆపిల్ తోటలు చూసుకునే, భార్య పోయినవాడొకడు. అతని దగ్గరికి వెళ్లడానికి ఐవీ టిక్కెట్టు కొన్నది ఎక్కడనుకున్నారు? మ్యూరియల్ పనిచేసే ఓడలోనే.

ఈ కబురు మోసుకొచ్చింది రొట్టెల దుకాణం డోరా టిజ్జర్డ్. "ఓడలు కరువై మీ అక్క నీ ఓడెక్కుతోందనుకుంటున్నావా, పిచ్చిమొహమా? నువ్వొస్తావని ఎక్కుతోంది. పోయి క్షమించమని అడుగు, నోరేం అరిగిపోదు" అంది. మ్యూరియల్ తలూపింది. మొదటి సాయంత్రమే కిందికి దిగి అక్కను చూడాలని గట్టిగా అనుకుంది కూడా.

అది జనవరి. నేల కనుమరుగయ్యీ కాకముందే సముద్రం తిరగబడింది. నడవల్లో పట్టుకోవడానికి తాళ్లు కట్టారు. కంచాలు జారకుండా భోజనాల బల్లల మీద గుడ్డలు తడిపి పరిచారు, కానీ తినే నాథుడు లేడు. మ్యూరియల్‌ది మొదటి తరగతి. పిలుపు గంట మీద పిలుపు గంట. ఒకావిడకి బేసిన్, ఒకావిడకి బిస్కెట్, ఇంకొకావిడకి మనం మునగడం లేదన్న భరోసా. ఐవీ కింద, తాళం వేసిన గేటు అవతల, చవక టిక్కెట్ల టూరిస్టు తరగతిలో ఉంది. పనివాళ్లు అడిగితే ఆ తాళం తీస్తారు. మ్యూరియల్ అడగలేదు.

"గాలి కాస్త తగ్గాక వెళ్తాను" అంది, భోజనాల దగ్గర పనిచేసే రెజ్‌తో.

"గాలి తగ్గాలా, నీకు ధైర్యం రావాలా?" అన్నాడు రెజ్, గుడ్డ తడుపుతూనే.

"నీ పని చూసుకో."

మర్నాడు కింది తరగతి పరిచారిక మెట్ల మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పెద్ద పరిచారిక మిసెస్ కాటెరెల్ నేరుగా మ్యూరియల్ దగ్గరికొచ్చి, "కింద ఆడవాళ్లని చూసే దిక్కులేదు. ఈ మధ్యాహ్నానికి నువ్వెళ్లు" అని ఆజ్ఞాపించింది. అలా దిగింది మ్యూరియల్. గది తర్వాత గది చూసుకుంటూ పోగా, ఒక తలుపు తీస్తే లోపల ఐవీ.

గోడవైపు తిరిగి, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉంది. ఓడ చెక్కలన్నీ కిర్రుమంటున్నాయి. "ఎవరది?" అంది నీరసంగా.

"పరిచారికనండి, మేడమ్."

అలవాటు అలా పలికించింది. అనుకుని అన్న మాట కాదది. ఒకసారి రెండో గొంతు బయటపడ్డాక మొదటిది ఎంత పిలిచినా రాలేదు. మ్యూరియల్ ప్రాణరక్షణ కోటు తెచ్చి పరుపు అంచు కింద కుక్కింది, అక్క దొర్లి కిందపడకుండా. నుదురు అరచేత్తో ఆపి బేసిన్ పట్టుకుంది. మూతి తుడిచింది. పంచదార నీళ్లు చెంచాతో పోసింది. ఐవీ కళ్లు తెరవలేదు, తెరిచే ఓపిక లేదు. కాసేపటికి తనంతట తానే మాట్లాడింది.

"ఈ ఓడలోనే మా చెల్లెలుందమ్మా. పైన, గొప్పోళ్ల దగ్గర."

"అలాగా, మేడమ్."

"ఇంకా రాలేదు."

"వస్తారండి. గాలి తగ్గాక తప్పకుండా వస్తారు."

"గాలి తగ్గాక ఎవరైనా వస్తారు" అంది ఐవీ. కొంచెం ఊపిరి తీసుకుని, "దాన్ని నేనూ నానా మాటలన్నాలే. అది క్షమాపణేమీ అడగక్కర్లేదు. ఒకసారొచ్చి ఇలా మంచం మీద కూచుంటే చాలు, అవన్నీ వదిలేద్దామనుకున్నా."

మ్యూరియల్ కూచున్నది ఆ మంచం మీదే. అక్కా అని ఒక్క పిలుపు చాలు. కానీ ఇంతసేపూ పరాయిదానిలా నటించి నా మనసులోది లాగావా అంటుందేమోనని భయం. రేపు యూనిఫాం విప్పేసి, సొంత బట్టల్లో, చెల్లెలిగా వద్దామనుకుంది. ఐవీకి నిద్ర పట్టేదాకా వీపు రాసి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.

ఆ రేపు రాలేదు. కింది తరగతికి ఇంకొకామెను వేశారు, మ్యూరియల్‌ను పైకి పిలిచేశారు. కెనడాలోని హాలిఫాక్స్ రేవు కనబడేదాకా సముద్రం శాంతించలేదు. ఓడ ఆగాక మ్యూరియల్ పనులన్నీ వదిలేసి, యూనిఫాంతోనే టూరిస్టు తరగతి దిగే చోటికి పరుగెత్తింది. మంచు కురుస్తోంది. గోధుమరంగు టోపీ పెట్టుకుని, పెట్టె పక్కన పెట్టుకుని వరసలో నిలబడి ఉంది ఐవీ.

"అక్కా." ఈసారి నార్తమ్ గొంతే వచ్చింది.

ఐవీ చెల్లెల్ని కిందికీ పైకీ చూసింది. "ఓడ ఆగాక తీరిందా నీకు?"

"పని అలా ఉందక్కా."

"ఉంటుందిలే. నీతో పనిచేసే ఆవిడే ఎవరో నా తల పట్టుకుని కూచుంది. పేరైనా చెప్పలేదు. ఆ పరాయిదానికున్న జాలి తోడబుట్టినదానికి లేకపోయింది."

"అది నేనే అక్కా."

ఐవీ మ్యూరియల్ చేతులకేసి చూసింది. బేసిన్లు కడిగే సోడా నీళ్లకు పగిలి ఎర్రబారిన ఆ చేతుల గరుకు తన నుదుటికి గుర్తొచ్చినట్టే ఉంది. ముఖం మెత్తబడింది. ఇంకొక్క క్షణం ఆగితే దగ్గరికి తీసుకునేదే.

"మరి నీ అంతట నువ్వే వచ్చావా? ఎవరైనా పంపిస్తే వచ్చావా?"

నా అంతట నేనే వచ్చానంటే అయిపోయేది. ఓడల్లో అంతకన్నా పెద్ద అబద్ధాలు ఎన్ని ఆడలేదు, మునగం మేడమ్, రేపటికి తగ్గిపోతుంది మేడమ్ అంటూ. కానీ అవన్నీ ఆ రెండో గొంతుకే వచ్చు.

"పంపిస్తే వచ్చాను" అంది మ్యూరియల్.

ఐవీ తలూపింది. "సరే. చలిగా ఉంది, లోపలికి పో" అని, పెట్టె అందుకుని దిగిపోయింది.

తర్వాత ఇద్దరి మధ్యా క్రిస్మస్ శుభాకాంక్షల కార్డులు నడిచాయి. మ్యూరియల్ ఓడ ఏటా ఎన్నోసార్లు హాలిఫాక్స్‌లో ఆగేది. అక్కడి నుంచి ఐవీ ఊరికి రైల్లో ఒక పూట ప్రయాణం. రమ్మని ఐవీ ఎన్నడూ అనలేదు. రమ్మంటే వెళ్దామని మ్యూరియల్ ఎదురుచూసింది. ఆ ఎదురుచూపులోనే ఏళ్లు పోయాయి, ఎంత అన్యాయమో చూడండి. చివరికి ఒక వసంతంలో ఐవీ భర్త నుంచి ఓడకు తంతి వచ్చింది, ఐవీ పోయిందని, అంత్యక్రియలకు వెంటనే రమ్మని. మ్యూరియల్ సెలవు పెట్టి, నల్ల కోటు అరువు తెచ్చుకుని రైలెక్కింది. ఈసారి కూడా పిలిస్తేనే వెళ్లింది.