తడి తువ్వాలు పాఠం

ఈతకొలనులో తువ్వాళ్లు ఉతికే అక్క ఆరేళ్లుగా ఫోన్‌లో ఉచిత ఆరోగ్య, వ్యాయామ పాఠాలు వింటోంది. బిగుసుకున్న మోకాలి కింద, అణిగిపోకుండా గట్టిగా నిలిచే తడి తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలితో దాన్ని అదిమించడం ఆమె సొంతంగా కుదుర్చుకున్న పద్ధతి. దాన్ని ఈత శిక్షకుడికి నేర్పి, అతని దగ్గర ఖాళీగా ఉన్న సహాయకురాలి ఉద్యోగానికి తన పేరు చెప్పమంది.

"నీకు కాక ఇంకెవరికి చెప్తానమ్మా!" అన్నాడతను.

నిన్న కొత్త పాఠం తెరిస్తే అతనే బోధిస్తూ కనిపించాడు. పక్కన సహాయకురాలిగా అతని మరదలు. "ఈ పద్ధతి నేనే కనిపెట్టాను" అంటూ పొడి తువ్వాలు పెట్టాడు. అదమగానే అది అణిగిపోయింది.

ఆమె వెళ్లి నిలదీసింది. "అన్నా, నా పేరేది?"

"నువ్వూ ఫ్రీగా నేర్చుకున్నదేగా! దానికింత గొడవా తల్లీ?" అని నవ్వాడు.

ఆ సాయంత్రం మోకాలు పట్టుకుని ఎప్పటిలాగే తన దగ్గరికి వచ్చిన పెద్దాయనను, "కనిపెట్టినాయన దగ్గరికే వెళ్లండి బాబాయ్" అని మొదటిసారి వెనక్కి పంపింది.